ఎంత దూరం, ఎన్ని గంటలు?

సమ్మర్ టికెట్లు బుక్ చేసే టైమ్ వచ్చినట్టుంది, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పైగా ఒకటే గోల. ఆ ఊరికీ ఈ ఊరికీ ఎంత దూరం, ఫ్లైట్‌లో ఎన్ని గంటలు అని. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ నెల కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. పెళ్ళి సంబంధాల గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మే నెలలో నేనూ మా ఆవిడా దుబాయ్ మీదుగా వెళ్తున్నాం. టికెట్ మీద చూస్తే తెల్లవారుజామున 4కి హైదరాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం 5కి డల్లాస్‌లో దిగుతామని ఉంది. అంటే 13 గంటలే కదా! వాడేమో ఇరవైమూడు గంటల పైనే పడుతుంది, మందులు చేతి బ్యాగ్‌లో పెట్టుకోండి అంటాడు. వచ్చేటప్పుడైతే సోమవారం మధ్యాహ్నం ఎక్కి బుధవారం తెల్లవారుజామున దిగుతామట. అదే దూరానికి ఇంత తేడా ఏమిటండీ?
– రిటైర్డ్ టీచర్, హనుమకొండ

జవాబు: మాస్టారూ, మీవాడు చెప్పిందే కరెక్ట్. టికెట్ కూడా అబద్ధం చెప్పట్లేదు లెండి. దాని మీద ఏ ఊరి టైమ్ పక్కన ఆ ఊరి గడియారమే ఉంటుంది, మనం రెండిటినీ ఒకే గడియారం అనుకుని తీసివేత చేస్తే పదమూడే వస్తుంది.

ఒక కాగితం తీసుకుని మొత్తం ఇండియా టైమ్‌లోనే రాసుకోండి. 4కి ఎక్కుతారు, దుబాయ్‌కి నాలుగు గంటలు, అంటే మన టైమ్ 8 (అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక, అక్కడ ఆరున్నరే అయి ఉంటుంది). అక్కడ మూడున్నర గంటలు కూర్చుని మన టైమ్ 11:30కి రెండో ఫ్లైట్. దుబాయ్ నుంచి డల్లాస్‌కి దగ్గర దగ్గర 16 గంటలు, అంటే మీరు దిగేటప్పటికి హనుమకొండలో మర్నాడు తెల్లవారుజామున 3:30. మే నెలలో డల్లాస్ మనకి పదిన్నర గంటలు వెనక, తీసేస్తే ముందురోజు సాయంత్రం 5. సరిపోయిందా? మొత్తం ఇరవైమూడున్నర గంటలు. అదే చలికాలంలో అయితే తేడా పదకొండున్నర గంటలు, ఎందుకంటే అమెరికావాళ్ళు మార్చిలో రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి తిప్పి నవంబర్ మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు.

వచ్చేటప్పుడు కూడా ఇదే కాగితం. సోమవారం మధ్యాహ్నం 12 అంటే మనకి అప్పటికే రాత్రి పదిన్నర. అటునుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలే, ఎందుకు తగ్గిందో కింద ఇంకో ప్రశ్నలో చెప్తా. అలా మంగళవారం మన టైమ్ మధ్యాహ్నం 1కి దుబాయ్. అక్కడ పదిన్నర గంటలు పడిగాపులు పడి, రాత్రి 11:30కి ఎక్కి మూడున్నర గంటల్లో శంషాబాద్, బుధవారం తెల్లవారుజామున 3. అసలు ప్రయాణం ఇరవైఎనిమిదిన్నర గంటలే అయినా క్యాలెండర్‌లో మూడు రోజులు కనిపించేసరికి మీకు కంగారు పుట్టింది. నన్నడిగితే ఆ దుబాయ్ వెయిటింగ్‌ని నాలుగైదు గంటలకి తగ్గించే ఫ్లైట్ ఉందేమో చూడమనండి మీవాణ్ణి, ఆ వయసులో పదిన్నర గంటలు ఆ కుర్చీల్లో అంటే నడుం పట్టేస్తుంది. అలాగని గంటన్నర కనెక్షన్ కూడా వద్దు, మొదటిది లేటైతే రెండోది పోతుంది.

ఇంకో మాట, ఇది చాలామంది పప్పులో కాలేసే చోటు. తేదీ 15, టైమ్ 4 అని ఉంటే మీరు ఇల్లు కదలాల్సింది 14 రాత్రి. హనుమకొండ నుంచి శంషాబాద్ మూడు గంటలు, ఇంటర్నేషనల్‌కి మూడు నాలుగు గంటల ముందు అక్కడుండాలి కాబట్టి 14 రాత్రి ఎనిమిదిన్నరకే కారెక్కాలి. 15న పొద్దున టిఫిన్ చేసి తీరిగ్గా సూట్‌కేస్ దించేసరికి ఫ్లైట్ దుబాయ్‌లో దిగిపోయి ఉంటుంది. ఇల్లు కదిలిన దగ్గర్నుంచి మనవడి మొహం చూసేదాకా లెక్కేస్తే ఎంత లేదన్నా 33 గంటలు. బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంటే ఏ టైమ్‌కి వేసుకోవాలో మీ డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోండి, ఒక వాచీ మాత్రం చేరేదాకా ఇండియా టైమ్‌లోనే ఉంచండి, మాత్రల లెక్క తప్పదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి అమెరికాకి డైరెక్ట్ ఫ్లైట్ ఎందుకు లేదు? దుబాయ్, దోహా అని చుట్టూ తిప్పుతారు, దానివల్ల ఎంత దూరం పెరుగుతుంది?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మణికొండ

జవాబు: అసలు లేదని కాదు, ఉండి పోయింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–చికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, గాల్లో దూరం దాదాపు 13,300 కిలోమీటర్లు. మన ఊరి నుంచి అమెరికాకి అదే మొదటి డైరెక్ట్, అప్పట్లో ఎంత సంబరపడ్డారో జనం. తర్వాత ఆగిపోయింది.

డల్లాస్ అయితే ఇంకా దూరం, సూటిగా 14,400 కిలోమీటర్లు. ఇంత దూరం పోయే విమానాలు లేవా అంటే ఉన్నాయి, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైన ఆగకుండా పోతున్నాయి, పద్దెనిమిది గంటలు పైనే పడుతుంది. కానీ ఆ దూరానికి నింపిన పెట్రోల్‌లో (విమానానికి పోసేది పెట్రోల్ కాదు, ఒక రకం కిరోసిన్, అది వేరే సంగతి) చాలా భాగం ఆ పెట్రోల్‌ని మోయడానికే ఖర్చయిపోతుంది. బరువు తగ్గించడానికి సీట్లు తగ్గిస్తారు, సీట్లు తగ్గితే రేటు పెరుగుతుంది, ఆ రేటు పెట్టి రోజూ బిజినెస్ క్లాస్ నింపే జనం ఉంటేనే కిట్టుబాటు. మన దగ్గర ఎక్కువగా పోయేది ఎవరు? స్టూడెంట్లూ, కోడలి పురుడికి పోయే అత్తగార్లూ. వాళ్ళు వెయ్యి రూపాయలు తక్కువైతే ఇంకో స్టాప్‌కి కూడా రెడీ.

ఇక చుట్టు తిరగడం సంగతి. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, అక్కణ్ణుంచి డల్లాస్ 12,900, మొత్తం 15,450 కిలోమీటర్లు. సూటి దూరం కన్నా వెయ్యి పైచిలుకు మాత్రమే ఎక్కువ, అంటే గాల్లో గంటంపావు. కాబట్టి మిమ్మల్ని చంపేది దూరం కాదు, మధ్యలో దిగి మళ్ళీ ఎక్కడం, ఆ వెయిటింగ్. టికెట్ వెతికేటప్పుడు ఎన్ని స్టాపులు అని కాకుండా మొత్తం ఎన్ని గంటలు అన్న కాలమ్ చూసి వరస పెట్టుకోండి.

ప్రశ్న: మ్యాప్‌లో చూస్తే అమెరికా మనకి పడమర వైపు ఉంది. కానీ ఫ్లైట్ వెళ్ళే దారి చూపించే యాప్‌లో విమానం ఉత్తరానికి పోయి విల్లులా వంగి మళ్ళీ కిందకి దిగుతుంది. సూటిగా పోవచ్చు కదా?
– తొమ్మిదో తరగతి, సిద్దిపేట

జవాబు: అది సూటిగానే పోతోందిరా నాయనా, వంకర మ్యాప్‌ది. మీ స్కూల్లో గ్లోబ్ ఉంటుంది, దుమ్ము పట్టి బీరువా మీద ఉండుంటుంది, సార్‌ని అడిగి దింపించు. ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద వేలితో నొక్కిపెట్టు, ఇంకో కొస డల్లాస్ దాకా లాగి బిర్రుగా పట్టుకో. దారం ఎటు పోయిందో చూడు. యూరప్ మీదుగా కాదు, నేరుగా పైకి పోయి రష్యా దాటి ఉత్తర ధ్రువానికి ఐదొందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్ళి కెనడా మీదుగా దిగుతుంది. ఎందుకంటే హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, డల్లాస్ 97 డిగ్రీల పడమర, రెండూ కలిపితే 175, అంటే భూగోళానికి దాదాపు ఇటు పక్కన మనం, అటు పక్కన వాళ్ళు. అలాంటప్పుడు ధ్రువం పక్కనుంచి పోవడమే దగ్గర దారి. ఇప్పుడు దారాన్ని బలవంతంగా పడమరకి జరిపి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీద పెట్టు, దారం చాలదు. అంతే లెక్క. పరీక్షలో రాయాల్సి వస్తే దీన్ని మహావృత్తం అంటారని రాయి.

ప్రశ్న: భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా, మరి పడమరకి పోయే విమానానికి ఊరు ఎదురొచ్చినట్టే, తొందరగా చేరాలి. కానీ దుబాయ్ వెళ్ళేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నరే పట్టింది. రివర్స్‌లో ఉందేంటి?
– ఎలక్ట్రీషియన్, జగిత్యాల

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ, చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. భూమి ఒక్కటే తిరగదు, చుట్టూ ఉన్న గాలిని కూడా పట్టుకుని తిరుగుతుంది. నడుస్తున్న రైల్లో నువ్వు ఎగిరితే వెనక బోగీలో పడవు కదా, ఉన్నచోటే పడతావు, ఇదీ అంతే. కాబట్టి భూమి తిరగడం వల్ల ఊరు ఎదురు రాదు.

తేడా తెచ్చేది గాలి. నేల నుంచి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, అంటే సరిగ్గా విమానాలు తిరిగే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని గాలి ఏరులా పారుతుంటుంది. చలికాలంలో మరీ జోరు, గంటకి రెండొందల కిలోమీటర్లు దాటడం మామూలే. దుబాయ్ వెళ్ళేటప్పుడు దానికి ఎదురీత, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. లండన్‌కి కూడా అంతే, 7,750 కిలోమీటర్లు, వెళ్ళేటప్పుడు పది గంటలు, వచ్చేటప్పుడు తొమ్మిది. ఈసారి ఎక్కినప్పుడు సీటు ముందు స్క్రీన్‌లో మ్యాప్ పెట్టి చూడు, గ్రౌండ్ స్పీడ్ అని ఒక అంకె మారుతుంటుంది, వెళ్ళేటప్పుడు ఎనిమిదొందల లోపు ఉన్నది వచ్చేటప్పుడు వెయ్యి దాకా పోతుంది, టెయిల్ విండ్ అని పక్కనే రాసి ఉంటుంది. ఇంజిన్ అదే, తోలేది అంతే.

దీని మీద నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా మొదట్లో అట్లాంటిక్ వైపు నుంచి పోయేది, దాదాపు 13,900 కిలోమీటర్లు, పదహారున్నర గంటలు. 2016 అక్టోబర్లో దాన్ని తిప్పేసి తూర్పుకి, పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకి పెరిగింది, టైమ్ మాత్రం పద్నాలుగున్నరకి తగ్గింది! 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి రెండు గంటలు ముందు చేరారు, అంతా ఆ వెనక గాలి పుణ్యమే. అందుకే కిలోమీటర్లు చెప్పి ఎన్ని గంటలు పడుతుందండీ అని నన్నడిగితే, ఎటు వైపు అని తిరిగి అడుగుతుంటాను.

ప్రశ్న: మా అమ్మాయి ఢిల్లీ నుంచి అమెరికా వెళ్తుంటే మధ్యలో వియన్నాలో దింపి పెట్రోల్ కొట్టించారట. డైరెక్ట్ అని డబ్బులు తీసుకుని ఇదేం పద్ధతి?
– గృహిణి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీ కోపం అర్థమైంది కానీ వాళ్ళు సరదాకి దింపలేదు. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలం మీద మన దేశపు విమానాలు రాకూడదంది. ఆ తర్వాత మనమూ వాళ్ళ విమానాలకి మూసేశాం. 2019లో బాలాకోట్ తర్వాత కూడా ఇలాగే ఫిబ్రవరి నుంచి జూలై దాకా మూతపడింది. ఢిల్లీ నుంచి పడమరకి పోవాలంటే పాకిస్తానే గుమ్మం, అది మూస్తే కిందకి దిగి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాలి. ఆ చుట్టుకి పెట్రోల్ చాలక మధ్యలో ఆగడం. మన విమానాలకే ఆ నిషేధం, వేరే దేశాల కంపెనీలవి వెళ్తాయి, కాబట్టి ఒకే ఊరికి ఒకే రోజు బయల్దేరిన రెండు ఫ్లైట్లకి టైమ్ వేరేగా ఉండొచ్చు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా కంపెనీలకి రష్యా మీద దారి మూసుకుపోయింది, వాళ్ళ తిప్పలు వాళ్ళవి. 2025 జూన్‌లో ఒక రాత్రి కతార్ కూడా కాసేపు మూసేసింది, దోహా మీదుగా పోయే మనవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఇరుక్కుపోయారు. బుక్ చేసిన రోజు చూసిన టైమ్ ఎక్కే రోజుకి ఉంటుందన్న గ్యారంటీ లేదు, రెండు రోజుల ముందు ఒకసారి ఫ్లైట్ నంబర్ కొట్టి చూసుకోమనండి.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం, వైజాగ్ ఎంవీపీ కాలనీలో అత్తగారిల్లు. ఫ్లైట్ గంటంపావే కదా అని మా ఆయన ఎప్పుడూ ఫ్లైటే బుక్ చేస్తారు. నాకేమో రైలే నయం అనిపిస్తుంది. ఎవరిది కరెక్ట్?
– పేరు వద్దన్నారు

జవాబు: భార్యాభర్తల మధ్యలో నన్నెందుకమ్మా ఇరికిస్తారు. సరే లెక్క చెప్తా, తీర్పు మీరే చెప్పుకోండి.

వైజాగ్ గాల్లో 510 కిలోమీటర్లు, రోడ్డు మీద 620 దాకా, రైల్లో వరంగల్, విజయవాడ తిరిగి 700. ఫ్లైట్‌లో గంటంపావు నిజమే. కానీ కూకట్‌పల్లి నుంచి ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి గంటా గంటన్నర, వర్షం పడిందా ఇంకా పైనే. బ్యాగేజ్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, గేట్ 25 నిమిషాల ముందు, కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. దిగాక బెల్ట్ దగ్గర బ్యాగ్ కోసం నిలబడి, క్యాబ్ పట్టుకుని ఎంవీపీ వెళ్ళేసరికి ఇంకో గంటంపావు. కూడండి, ఐదున్నర గంటలు. అందులో గాల్లో ఉన్నది పావు వంతు కూడా లేదు.

2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్ సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు, అటూ ఇటూ ఆటోలతో కలిపి పది. గోదావరి అయితే పన్నెండు గంటలు, కానీ రాత్రి పడుకుంటే పొద్దున వైజాగ్, అన్నవరం దాటాక మెలకువొచ్చి టీ తాగితే అయిపోయింది. పగటిపూట పని పాడవకూడదంటే గోదావరే లాభం, రెండు రోజుల కోసం పోతుంటే ఫ్లైటే. చంటిపిల్లలుంటే నా ఓటు రైలుకే, కదలడానికి చోటుంటుంది. విమానాలు భోగాపురానికి మారితే ఈ లెక్క మళ్ళీ వేసుకోవాలి, అది సిటీ నుంచి విజయనగరం వైపు 45 కిలోమీటర్లు, మధురవాడ వాళ్ళకి పర్లేదు, గాజువాక వాళ్ళు గోల పెడతారు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి విజయవాడ 265 కిలోమీటర్లే, విమానం గంటకి ఎనిమిదొందలు పోతుందంటారు, మరి గంట ఎందుకు?
– వ్యాపారి, గుడివాడ

జవాబు: ఆ ఎనిమిదొందలు జెట్‌కి, అదీ పైకి ఎక్కాక. ఈ రూట్‌లో ఎక్కువగా తిప్పేది ఏటీఆర్, రెక్కల దగ్గర పంకాలుండే చిన్న విమానం, బాగా పోతే ఐదొందలు. పైగా టికెట్ మీద గంట అంటే గేట్ దగ్గర కదిలిన దగ్గర్నుంచి అవతల గేట్ దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం, ఎక్కడం, దిగడం, అన్నీ అందులోనే. పైకెక్కి సర్దుకునేలోపే దిగుతున్నాం అంటారు. మీకు గుడివాడ నుంచి గన్నవరం దగ్గరే కాబట్టి పర్లేదు, బెంజ్ సర్కిల్ నుంచి ఎల్బీనగర్ పోయేవాళ్ళయితే కారే నయం.

ప్రశ్న: హైదరాబాద్–ఢిల్లీ ఫ్లైట్ ఇరవై నిమిషాలు లేటుగా కదిలింది, అయినా టైమ్‌కే దించారు. పైలట్ స్పీడ్‌గా తోలాడా?
– డిగ్రీ స్టూడెంట్, నెల్లూరు

జవాబు: లేదు బాబూ, కంపెనీ ముందే కొంచెం ఎక్కువ రాసుకుంది. 1,260 కిలోమీటర్లకి గాల్లో గంటా యాభై నిమిషాలు చాలు, టికెట్ మీద రెండుంబావు పైనే ఉంటుంది. ఢిల్లీ మీద ట్రాఫిక్‌కి గాల్లో చక్కర్లు కొట్టించినా, శీతాకాలం పొగమంచులో ఆలస్యమైనా టైమ్‌కే వచ్చాం అని చెప్పుకోవాలి కదా. పావుగంట లోపు ఆలస్యాన్ని లెక్కల్లో లేటుగానే రాయరు.

ప్రశ్న: తిరుపతి ఫ్లైట్‌లో వెళ్ళి అదే రోజు దర్శనం చేసుకోవచ్చా? మూడొందల టికెట్ మధ్యాహ్నం 3 గంటల స్లాట్ దొరికింది.
– బ్యాంక్ ఉద్యోగి, అమీర్‌పేట

జవాబు: చేసుకోవచ్చు. గాల్లో 420 కిలోమీటర్లు, టికెట్ మీద గంటా పది పదిహేను నిమిషాలు. దిగేది రేణిగుంటలో, అక్కణ్ణుంచి తిరుపతి 15 కిలోమీటర్లు, తర్వాత అలిపిరి చెకింగ్, ఘాట్ రోడ్డు, మొత్తం కొండ మీదకి రెండు గంటలు వేసుకోండి. అలిపిరిలో కార్ల లైన్ ఎంతుంటుందో ఎవరూ చెప్పలేరు, శనివారం అయితే మరీను. పొద్దున 10 లోపు దిగే ఫ్లైట్ తీసుకోండి, 12:30ది తక్కువకొచ్చిందని దాని జోలికి పోకండి.